ఎనిమిదో చోటు

కళింగపట్నం ఒడ్డున లైట్‌హౌస్ వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఏడో వల దాలమ్మది. వల అంటే సముద్రంలో వేసేది కాదు, పాతబడి, చిరిగి, ఇసుక మీద పరచడానికి మాత్రమే మిగిలిన వల. దాని మీద నెత్తళ్ళు ఎండుతాయి. పొద్దు ఎక్కేకొద్దీ ఆ చిన్న చేపల మీంచి వెలుగు జారి పక్క చేప మీదికి, అక్కడి నుంచి ఆ పక్కదాని మీదికి పారుతుంటుంది. దూరం నుంచి చూసేవాళ్ళకి సముద్రమే కొంచెం పైకొచ్చి ఎండకు పడుకున్నట్టు ఉంటుంది.

దాలమ్మ ఆ వెలుగును చూడదు. ఆమె చూపు పైన తిరిగే రెక్కల మీద ఉంటుంది. ఏ కాకి ఆకలితో వచ్చింది, ఏ కాకి ఊరికే వచ్చింది, ఏ కుక్క పడుకున్నట్టు నటిస్తోంది, మబ్బు ముక్క ఎటు నుంచి ఎటు పోతోంది, ఎవరి తట్ట నిన్నటికన్నా బరువుగా ఉంది, ఇవన్నీ ఆమెకు కావాలి. యాభై నాలుగేళ్ళ వయసు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. చదువు లేదు గానీ అంకెలు వచ్చు. బస్సు నంబర్లూ ఫోన్ నంబర్లూ నేర్పిన అంకెలు. ఒడ్డున కొత్త మనిషి అడుగు పెడితే, ఆ మనిషి ఏ బస్సు దిగిందో, మళ్ళీ ఏ బస్సు ఎక్కిందో సాయంత్రానికల్లా దాలమ్మకు తెలిసిపోతుంది. ఎవరినీ అంత తొందరగా నమ్మదు. నమ్మకపోవడం ఆమెకు కోపం లాంటిది కాదు, కంటికి రెప్ప ఎలాగో అలాంటిది.

ఆ ఒడ్డున ఎండబెట్టే చోట్లు మొత్తం పద్నాలుగు. కాగితాలు ఎవరికీ లేవు. ఒక కట్టుబాటు ఉంది. పొద్దు పొడిచేలోపు వల పరిస్తే ఆ రోజుకి ఆ చోటు బతికున్నట్టు. వరసగా మూడు పొద్దులు వల పడకపోతే ఆ ఇసుక ఎవరిదైనా కావచ్చు. పరిచే చెయ్యి ఎవరిదని అడగరు. వల ఉందా లేదా, అంతే.

ఎనిమిదో వల దేముడమ్మది. మాఘమాసంలో ఆమె శ్రీముఖలింగంలో చెల్లెలి ఇంటికి వెళ్ళి, వంశధార రేవులో జారి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాల కట్టు. ఒక్కడే కొడుకు, గుజరాత్ పడవల మీద ఉన్నాడు. కబురు తెలిసిన మర్నాటి నుంచి దాలమ్మ రెండు వలలు పరిచేది. దేముడమ్మ వల మీద ఒక గుప్పెడు నెత్తళ్ళు చల్లి, చోటు పోకుండా చూసుకునేది. దేముడమ్మ ఆమెను అడగలేదు. ఆమె దేముడమ్మకు చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో ఒక మాట పుట్టింది. చేపలు ఎండబెట్టడానికి ఒడ్డున సిమెంటు గచ్చులు కట్టిస్తారట. ఎవరి చోటు వాళ్ళ పేరు మీద రాసిస్తారట. ముందుగా ఎవరో వచ్చి చూసి రాసుకుంటారట, ఎవరు ఉన్నారో ఎవరు లేరో.

ఆ పిల్ల వచ్చింది అప్పుడే.

పొద్దున్నే శ్రీకాకుళం నుంచి వచ్చే మొదటి బస్సు దిగింది. నలుపు గొడుగు, నీళ్ళ సీసా, అట్ట కట్టిన పుస్తకం. బోర్లించిన పాత తెప్ప మీద కూర్చుని గొడుగు విప్పింది. ప్రతి పది నిమిషాలకీ ఆమె ఫోన్ కూసేది. కూయగానే తలెత్తి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్కరినీ చూసి, పుస్తకంలో గీతలు పెట్టేది. మళ్ళీ కూసేదాకా సముద్రం వంక చూసేది. ఎవరినీ పలకరించలేదు. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ అదే బస్సు, అదే తెప్ప, అదే కూత.

మూడో రోజు దాలమ్మ కులపెద్ద అసిరయ్యను నిలదీసింది.

"బావా, ఆ గుంట ఎవులు?"

"ఇజీనారం కాలేజీ పిల్ల. వచ్చిన్నాడే మా దగ్గిరికొచ్చి కాగితం సదివింది. మగోలందరం ఊఁ అన్నాం."

"ఏటుంది ఆ కాగితంలో?"

"ఏదో సదువంట. మన్ని సూసి రాస్తాదంట."

"మన్ని సూసి రాస్తే సదువేటి? సేపల్ని సూసే మమ్మల్ని సూస్తాది, మమ్మల్నడక్కుండా మిమ్మల్నడిగిందా? బాగుంది."

అసిరయ్య తలగోక్కుని బీడీ వెతుక్కున్నాడు.

నాలుగో రోజు దాలమ్మ ఖాళీ తట్ట చంకన పెట్టుకుని, దారి అటువైపే అన్నట్టు తెప్ప పక్క నుంచి నడిచింది. పుస్తకం తెరిచే ఉంది. పేజీ మీద ఒడ్డు ఉంది. పద్నాలుగు గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో అంకె. ఏడో గడిలో నిలువు గీతలు గుంపులుగా ఉన్నాయి. ఎనిమిదో గడిలో సున్నాలు. గుండ్రంగా, శుభ్రంగా, ఒకదాని పక్కన ఒకటి. దేముడమ్మ చోటుని ఎవరో వేలితో పొడిచి పొడిచి గుంటలు పెట్టినట్టు.

దాలమ్మ తట్ట దించి అక్కడే కూర్చుంది.

"ఏటి రాస్తన్నావు పాపా?"

ఆ పిల్ల పుస్తకం మూసేసింది. మర్యాదగా నవ్వింది. "చదువు కోసం పిన్నీ. నా పేరు అరుణశ్రీ. మీ పని మీరు చేసుకోండి. నేను ఇక్కడ లేననే అనుకోండి."

"ఉన్నావు కదా. నేవని ఎలగనుకుంతాను?"

"అలవాటైపోతుంది పిన్నీ. రెండు మూడు రోజుల్లో మర్చిపోతారు."

"మా దగ్గర ఏటి సూస్తన్నావో అది సెప్పు."

అరుణశ్రీ తల అడ్డంగా ఊపింది. "అది చెప్పకూడదు. చెప్తే మీరు అదే చేసి చూపిస్తారు. లేకపోతే అదే మానేస్తారు. అప్పుడు నేను చూసింది నిజం కాకుండా పోతుంది."

దాలమ్మకు ఇక వేరే రుజువు అక్కరలేకపోయింది. చెప్పకూడని పని మంచి పని ఎలా అవుతుంది?

తిరిగి వచ్చి, ఆరో చోటులో ఉన్న మేనల్లుడి పెళ్ళాం ఈశ్వరి చెవిలో వేసింది. ఈశ్వరి చెవిలో పడింది పద్నాలుగో చోటు దాకా పోవడానికి ఎంతసేపు.

"గచ్చుల లెక్క ఆ పిల్లదేనే. ఊల్లో నేనోల్లకి సున్నా ఎట్టేస్తంది. రేపట్నుంచి ఆ పిల్ల సూస్తండగా ఒకలి సేప ఒకలు ముట్టకండి. ఒకలి తట్ట ఒకలు ఎత్తకండి."

"అదెందుకత్తా?"

"ఇద్దరు కలిసి ఒక పని సేస్తంటే సూసిందనుకో, ఇద్దరికీ ఒక గచ్చు సాలంటాది. ఎవలి సోటు ఆలే సేసుకుంతన్నట్టు ఉండాల."

అనుకున్నంత తేలిక కాదది. నిండు తట్టను ఒక్క మనిషి తల మీదికి ఎత్తుకోలేదు. ఎప్పుడూ రెండో చెయ్యి ఉండేది. పిలవక్కరలేదు. తట్ట అంచు మీద చెయ్యి పడగానే పక్కన ఎవరో ఒకరు వచ్చి పట్టేవాళ్ళు, మాట మాటే, పని పనే. ఇప్పుడు ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, తట్టను మోకాలి మీదికి, అక్కడి నుంచి భుజం మీదికి, భుజం నుంచి తల మీదికి పాకించుకుంటూ, లేవలేక లేచి, ఊగుతూ నడిచేవారు. దూరం నుంచి పడవల వాళ్ళు ఈలలు వేసేవారు. "ఒలమ్మో, మా అత్తకి దేవుడొచ్చాడ్రా!" అని ఒకడు అరిచాడు. ఈశ్వరి తట్ట ఒకసారి బోర్లాపడి కవళ్ళ చేపలన్నీ ఇసుకలో కలిశాయి. పన్నెండు మంది నిలబడి చూశారు గానీ ఎవరూ వంగలేదు. ఈశ్వరి ఒక్కతీ ఏరుకుంది. ఏరుతూ, పళ్ళ మధ్య నుంచి, దాలమ్మ ఏడు తరాల వాళ్ళనీ తలుచుకుంది.

పది నిమిషాలకోసారి ఫోన్ కూసేది. అరుణశ్రీ తలెత్తేది. ముఖం రోజురోజుకీ మబ్బు పట్టినట్టయ్యేది. దాలమ్మ ఆ ముఖాన్ని కూడా చదివేది. 'తప్పు దొరక్క దిగులు పడతంది' అనుకునేది.

ఇక ఎనిమిదో చోటు సంగతి. వల మాత్రం ఉంటే చాలదని సున్నాలు చూశాక ఆమెకు అర్థమైంది. మనిషి ఉండాలి. దాలమ్మ రెండో మనిషి అయింది. మొదట ఆకుపచ్చ చీరలో తన వల దగ్గర. ఫోన్ రెండుసార్లు కూశాక గోడౌను గోడ చాటుకి వెళ్ళి, ఎర్ర చీర చుట్టుకుని, తలకి తువ్వాలు కప్పుకుని, రెండో వైపు నుంచి దేముడమ్మ వల దగ్గరికి. మళ్ళీ గోడ చాటు, మళ్ళీ ఆకుపచ్చ. మనిషంటూ అక్కడ కూర్చున్నాక గుప్పెడు చేపలతో ఏం చేస్తుంది? పడవ దగ్గర దేముడమ్మ వాటా కూడా అడిగి తెచ్చింది. ఉప్పు పట్టించింది, పరిచింది, తిరగేసింది. ఎండాక దేముడమ్మ నీలం తాడు తట్టలోకే ఎత్తింది. ఒక్క నెత్తల్ని కూడా తన తట్టలో కలవనివ్వలేదు. మూడు రోజులకోసారి ఆటో అప్పలసూరి చేత ఆ తట్టను నరసన్నపేట దాకా పంపితే, దేముడమ్మ చెల్లెలి మొగుడు వచ్చి పట్టుకెళ్ళేవాడు. అనుమానం కొద్దీ మొదలుపెట్టిన నాటకం అలా రోజు రోజంతా చేసే నిజం పని అయిపోయింది. సాయంత్రానికి నడుము రెండు ముక్కలయ్యేది. రెండు ముక్కలూ ఇద్దరు మనుషులవి అనిపించేది.

మధ్యాహ్నం బస్సు అరుణశ్రీని ఎక్కించుకుని మలుపు తిరగగానే ఒడ్డు ఊపిరి తీసుకునేది. చేతులు మళ్ళీ చేతుల్లోకి వచ్చేవి. తట్టలు ఎత్తుకునేవారు, పేలు చూసుకునేవారు, తిట్టుకునేవారు. ఆ వేళకే శివాజీ వచ్చేవాడు.

శివాజీ ముప్ఫై ఏళ్ళ కుర్రాడు. కోళ్ళ దాణాకి చేప పొట్టు కొంటానని బండి మీద తిరిగేవాడు. ఇంతవరకూ ఎప్పుడూ కొనలేదు గానీ, మనిషి మంచివాడు. పుస్తకం లేదు, కలం లేదు. బోర్లించిన తట్ట మీద కూర్చుని వాళ్ళు పెట్టిన మరమరాలు తినేవాడు. అడక్కుండానే బరువు అందుకునేవాడు. అందరినీ వరసలు పెట్టి పిలిచేవాడు. గోలీసోడాలు తెచ్చి పంచేవాడు.

ఒకరోజు దాలమ్మ తట్ట ఎత్తుతూ అడిగాడు.

"అత్తా, గోడ మీద రెండో సీర ఆరబెట్టినావు. ఒకరోజుకి రెండు సీరలేటి? మావయ్య మీద బెంగా?"

"నీ మావ పోయి పదేళ్ళయింది సచ్చినోడా!" దాలమ్మ పకపకా నవ్వింది. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి. ఆ నవ్వులో చెప్పేసింది. దేముడమ్మ కాలు, గొడుగు పిల్ల, సున్నాలు, రెండు చీరలు, అన్నీ. "ఆ గుంట కళ్ళు కప్పడం నాకొక లెక్కేటి?"

శివాజీ కూడా నవ్వాడు. "నీ బుర్రే బుర్రత్తా" అన్నాడు.

ఇరవై నాలుగో రోజున అరుణశ్రీ రాలేదు. మర్నాడూ రాలేదు. తెప్ప మీద ఆమె కూర్చున్న చోట ఉప్పు తక్కువగా పేరుకుని, ఒక మనిషి ఆకారం నీడలా మిగిలింది. దాలమ్మ దాని వంక అనుమానంగా చూసింది. లెక్క అయిపోయి వెళ్ళిపోయిందంటే ఇక కాగితం రావాలి.

వచ్చింది. తెచ్చింది శివాజీ. అతని మెడలో ఇవాళ పట్టీ ఉంది, పట్టీకి ఫోటో ఉన్న కార్డు ఉంది. వెనకాల ఇద్దరు కొత్తవాళ్ళు టేపు పట్టుకుని ఉన్నారు. గచ్చులకు మనుషుల్ని చూసి రమ్మని ఆఫీసు వాళ్ళు పంపిన మనిషి అతనే.

ఒడ్డు మీద ఎవరూ కాకుల్ని తోలలేదు. అవి ఆ కాసేపు వలల మీద ఇష్టమొచ్చినట్టు వాలాయి.

శివాజీ పేర్లు చదివాడు. పదమూడు. ఈశ్వరి ఉంది, దాలమ్మ ఉంది. ఏడు తర్వాత తొమ్మిది వచ్చింది.

"దేముడమ్మ పేరేదిరా?"

"ఆవిడి ఊల్లో నేదు కదత్తా. నువ్వే సెప్పినావు."

దాలమ్మకు అప్పుడు తెలిసింది. ఇరవై మూడు రోజులు పుస్తకానికి కాపలా కాసింది. పుస్తకం లేని మనిషికి ఉన్నదంతా ఒలిచి ఇచ్చింది.

"కార్డు మొదటే ఏసుకుని రావచ్చు కదరా!" అని ఈశ్వరి మీదికి వెళ్ళింది.

"ఏసుకుని వస్తే సచ్చిపోయినోల పేర్లు కూడా రాయించీసీవోలు పిన్నీ. నా పని నాను సేసేను." అతని గొంతులో తప్పు చేసినవాడి తడబాటు ఉంది గానీ కాగితం చెయ్యి దాటలేదు. దాలమ్మ వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "అత్తా, ఒక దారుంది. ఈ రెండు నెలల్లో కనీసం పదిహేను రోజులు ఆ సోట్లో పని జరిగినట్టు బయటోలు ఎవులైనా సూసి రాసింది ఉంటే తే. మీ ఊరోల మాట పనికిరాదు. ఎల్లుండి మద్దేనం దాకా ఆగుతాను."

బయటి మనిషి. చూసి రాసింది. దాలమ్మ కళ్ళు తెప్ప మీది ఉప్పు నీడ దగ్గరికి వెళ్ళాయి.

అసిరయ్య దగ్గర కాలేజీ పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంది. ఈశ్వరి "ఫోన్ సెయ్యత్తా" అంది. దాలమ్మ తల అడ్డంగా ఊపింది. ఫోన్‌లో ముఖం కనబడదు. ముఖం చూడకుండా ఎలా అడగడం?

మర్నాడు మొదటి బస్సుకి బయల్దేరింది. తన వలనీ దేముడమ్మ వలనీ ఈశ్వరి పరుస్తానంది. దాలమ్మ చెప్పకుండానే అంది. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సు మారి, కిటికీ పక్కన కూర్చుంది. రోడ్డు పక్క సరుగుడు తోటలు వెనక్కి వెనక్కి నడిచిపోతున్నాయి. ఒళ్ళో గుడ్డ సంచిలో నెత్తళ్ళు. పక్క సీటు మనిషి ముక్కు మూసుకుని లేచిపోతే కాళ్ళు చాపుకుంది.

విజయనగరంలో ఆటో దిగి కాలేజీ వరండాలోకి వెళ్ళింది. అరుణశ్రీ ఉన్న గది దొరికింది. లోపలికి వెళ్ళలేదు. వరండా చివర నీళ్ళ కుండ పక్కన నేల మీద కూర్చుని, గంటసేపు చూసింది.

అరుణశ్రీ బల్ల మీద అదే అట్ట పుస్తకం. పేజీలు తిప్పడం లేదు. స్నేహితురాళ్ళు పిలిస్తే నవ్వుతోంది గానీ నవ్వు కళ్ళ దాకా వెళ్ళడం లేదు. కలం మూత కొరుకుతోంది. ఒకమ్మాయి చేతిలో పుస్తకాలు జారిపోతే, ఈమె చటుక్కున లేచి వంగి అన్నీ ఏరి ఇచ్చి, ఏమీ జరగనట్టు వెళ్ళి కూర్చుంది. 'లెక్కలు అమ్ముకునే మనిషి ఇలగుండదు' అనుకుంది దాలమ్మ. అయినా ఇంకో పావుగంట ఆగి, అప్పుడు లేచింది.

అరుణశ్రీ తలెత్తి, ఉలిక్కిపడింది. "ఏడో నంబరు!" అనేసి, నాలిక కరుచుకుంది. "పిన్నీ, మీరా!"

"ఏడూ నానే. ఎనిమిదీ నానే. అది సెప్పడానికే వచ్చేను."

"నాకు తెలుసు" అంది అరుణశ్రీ. "మీరు చీర మార్చిన రెండో రోజే తెలిసింది. చీర మారుతుంది గానీ ఎడమ కాలు అదే కదా."

దాలమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. అన్నాళ్ళ చీరలూ గోడ చాట్లూ వృథా. "తెలిసీ ఊరుకున్నావా? ఏటి రాసినావు మరి?"

పిల్ల పుస్తకం వెంటనే తెరవలేదు. మొదట దాలమ్మే చెప్పింది, దేముడమ్మ సంగతీ, మూడు పొద్దుల కట్టుబాటూ, శివాజీ కాగితమూ. వింటున్నకొద్దీ అరుణశ్రీ ముఖం ఎర్రబడింది. చివరికి పేజీ విప్పి, వేలు పెట్టి చదివింది.

"ఆరు నలభై. ఏడో నంబరు ఎనిమిదో గడిలోకి వెళ్ళింది. చేపలు తిరగేసింది. తొమ్మిది ఇరవై. ఎనిమిదిలోని చేపల్ని నీలం తాడు తట్టలోకి తీసింది. తన తట్టలో కలపలేదు." అలా పంతొమ్మిది రోజులు. ప్రతి రోజుకీ పక్కన సన్నటి గడిలో ఒక్క మాట ఉంది. ఆ మాట చదవకుండా పేజీ తిప్పబోయింది.

"సదువు."

"ఆక్రమణ అని రాశాను పిన్నీ. పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను."

"అంటే?"

"అంటే... ఆవిడ చోటు మీరు లాక్కుంటున్నారేమో అని."

దాలమ్మ ఆ సన్నటి గడి మీద వేలు పెట్టింది. బయట ఎవరో గంట కొట్టారు. "నానా దొంగని?" అంది. "దొంగ ఏరే తట్టలో ఎందుకెడతాదో అడగాలనిపించనేదా?"

"అడగకూడదు. దూరంగా కూర్చుని చూడ్డమే నా పని. అడిగితే మీరు మారిపోతారు."

"అడిగినా సెప్పకపోదును" అని ఒప్పుకుంది దాలమ్మ. "నీకసలు మా దగ్గర ఏటి కావాల్సొచ్చింది? ఇప్పుడైనా సెప్పు."

"అడక్కుండా ఒకరికొకరు సాయం చేసుకోవడం. అది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కపెట్టడానికి వచ్చాను. మొదటి నాలుగు రోజులూ నా చెయ్యి ఖాళీ లేదు. తర్వాత ఒక్కటీ లేదు. ఎందుకో తెలియక, ఈ ఒడ్డున సాయం నిలవదని రాసుకుని వచ్చేశాను."

దాలమ్మ నీళ్ళ కుండ వైపు చూపు తిప్పుకుంది. మోకాళ్ళ మీద తట్టలు పాకించుకున్న ఒడ్డు మీది ఆడవాళ్ళు కళ్ళ ముందు కదిలారు. ఇసుకలో కవళ్ళు ఏరుకున్న ఈశ్వరి కదిలింది.

"అది నా వల్లే" అంది.

అరుణశ్రీ ముందున్న చిక్కు చిన్నది కాదు. ఎవరి గురించి రాసిందీ బయటపెట్టనని మాట ఇచ్చి వెళ్ళింది. "ఎవలికిచ్చినావు మాట? అసిరయ్యకి. రాసింది నా గురించి. నా గురించి రాసింది నానడిగితే నాకియ్యవేటి?" అంది దాలమ్మ. అరుణశ్రీ వాళ్ళ మేడం గదిలోకి వెళ్ళి, అరగంట తర్వాత వచ్చింది. మిగతా నంబర్ల జోలికి పోకుండా ఏడు, ఎనిమిది వరసలు మాత్రం రాసిస్తానంది. ఏడో నంబరు తానేనని దాలమ్మే కింద వేలిముద్ర వేయాలంది. చేసింది మాత్రమే రాస్తాను, నేను అనుకున్నది రాయను అంది. సన్నటి గడి ఆ కాగితంలోకి రాలేదు.

కాగితం తయారయ్యాక దాలమ్మ రెండుసార్లు చదివించుకుంది. తర్వాత దాన్ని మడిచి, గేటు దగ్గర కాపలా ఉన్న ముసలాయన దగ్గరికి వెళ్ళి, "బాబూ, కళ్ళజోడు తేనేదు, కొంచెం సదివి పెట్టు" అని మూడోసారి చదివించుకుంది. మూడూ ఒకటే. అప్పుడు వెనక్కి వచ్చి వేలిముద్ర వేసింది. నెత్తళ్ళ సంచి బల్ల మీద పెట్టింది.

"నువ్వు మళ్ళీ రా" అంది వెళ్ళబోతూ. "కానీ మగోల్ని అడక్కు. మమ్మల్నడుగు."

మర్నాడు మధ్యాహ్నం శివాజీ ఆ కాగితాన్ని నిలబడి చదివాడు. సగంలో తట్ట మీద కూర్చుని చదివాడు.

"ఇన్నాళ్ళూ ఈ పిల్ల ఎక్కడ కూసుందత్తా? నాకెప్పుడూ కనబడ్నేదే?"

"నువ్వొచ్చేసరికి ఎల్లిపోయీది. నువ్వున్నప్పుడు ఉంటే నీ గురించి కూడా రాసీది."

శివాజీ నవ్వబోయి, ఆమె నవ్వడం లేదని చూసి, కలం తీశాడు. ఏడుకీ తొమ్మిదికీ మధ్య సందులో చిన్న అక్షరాలతో పేరు ఇరికించాడు. ఈశ్వరి చేత చదివిస్తే గానీ దాలమ్మ అతని బండి తాళం ఇవ్వలేదు. తాళం ఆమె కొంగులోకి ఎప్పుడు వెళ్ళిందో శివాజీ చూడలేదు. సోడాలు తెచ్చాడు. ఎవరూ తాగలేదు.

దేముడమ్మ ఫాల్గుణం చివర్లో చేతికర్రతో వచ్చింది. గచ్చులు ఇంకా మొదలవలేదు, సున్నంతో గీసిన గళ్ళు మాత్రం ఉన్నాయి. ఆమె ఎనిమిదో గడిలో దిగి, పలకరింపులన్నీ పక్కన పెట్టి, ముందు వల చూసుకుంది. అంచు పట్టి లాగింది. ముడులు వేలితో తడిమింది. తట్ట ఎత్తి వాసన చూసింది.

"ఒలే దాలీ, ఈ మూల ముడి నాను ఏసింది కాదు. ఎవులు మార్చేరు?"

"తెగిపోతే కట్టేనే."

"ఎందుకు తెగింది? ఏటేసి లాగినావు? నాకు పంపించిన తట్టల్లో పొట్టు ఎక్కువ, సేపలు తక్కువ. పెద్దవన్నీ ఎవుల తట్టలోకి పోయినాయో?"

ఈశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దాలమ్మ ఆకుపచ్చ చీర కొంగు నడుముకి దోపి, నిండిన తన తట్ట దగ్గర వంగి, అంచు మీద చెయ్యి వేసింది.

దూరంగా తెప్ప మీద అరుణశ్రీ ఉంది. ఈసారి పద్నాలుగు మంది దగ్గరా కూర్చుని, ఏం చూస్తుందో చెప్పి, ఒక్కొక్కరినీ అడిగి వచ్చింది. ఆమె కళ్ళు సముద్రం మీద ఉన్నాయి. ఫోన్ ఇంకా కూయలేదు.

"అన్నీ తీరిగ్గా అడుగుతాను, ఒక్కొక్కటీ సెప్పాల నువ్వు" అంటూ దేముడమ్మ కర్రను చంకలో ఇరికించుకుని, రెండో అంచు పట్టి ఎత్తింది. తట్ట దాలమ్మ తల మీద కుదురుకుంది. దాలమ్మ ఎడమ కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసింది. దేముడమ్మ మళ్ళీ వల మీదికి వంగి ముడులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు ఫోన్ కూసింది. అరుణశ్రీ తలెత్తి చూసింది. ఏడు నడుస్తోంది. ఎనిమిది తిడుతోంది.